ఫైరింగ్ పరీక్ష తప్పించమన్న నా ప్రార్థన

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, కంచంలో అన్నం వదిలేసి లేచిపోయిన రోజులు నా జీవితంలో ఉన్నాయి. సైన్యంలో చేరిన కొత్తలో, ఎదురుగా నిలబెట్టిన అట్ట మనిషిని చూడలేక కళ్ళు గట్టిగా మూసుకుని తూటా పేల్చినవాణ్ణి నేను. ఆ భయంలోంచి దేవుడు నన్ను ఎలా బయటికి తెచ్చాడో చెప్పకుండా ఉండలేక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను!

మాది ఆకివీడు దగ్గర చిన్న ఊరు. మా నాన్నగారు చేపల లారీ డ్రైవరు, అమ్మ ప్యాకింగ్ షెడ్డులో చేపలకు ఐసు వేసే పని చేస్తుంది. చిన్నప్పటి నుంచి నాకు చెరువుల మీద తిరుగుతూ నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్లన్నా, నీళ్ళు తోడే ఆయిల్ ఇంజన్లన్నా ప్రాణం. చేపల కోసం వాలే కొంగలను టపాసులు కాల్చి తోలమంటే మాత్రం నావల్ల అయ్యేది కాదు, రేకు డబ్బా వాయించి తోలేవాణ్ణి. తాడేపల్లిగూడెంలో ఐటీఐ చదివాను గానీ, నాకు అసలు చదువు చెప్పింది ఏలూరు గ్రంథాలయమని గర్వంగా చెబుతాను. బస్సెక్కి వెళ్ళి, ఒక పక్క ఇంగ్లీషు పుస్తకం, ఇంకో పక్క నిఘంటువు పెట్టుకుని, ఇంధనం ఎలా మండుతుంది, చక్రానికి బలం ఎలా చేరుతుంది అని సాయంత్రం దాకా చదివేవాణ్ణి. సైన్యం వర్క్‌షాపుల్లో కొండంత ఇంజన్లుంటాయని కూడా అక్కడే చదివి, వాటి మీద పని నేర్చుకోవాలని టెక్నికల్ ట్రేడులో చేరాను.

బయలుదేరే ముందు నా స్నేహితుడు సుధాకర్ పగలబడి నవ్వాడు. "ఆర్మీలో చేరి తుపాకీ పట్టనంటావేంట్రా బాబూ? రొయ్యల చెరువులో దిగి ఒళ్ళు తడవకూడదన్నట్టుంది నీ వరస!"

"నాది టెక్నికల్ రా. నా చేతికిచ్చేది పానా, తుపాకీ కాదు" అన్నాను.

ఎంత తెలియనితనం! ఏ ట్రేడువాడైనా ముందు సైనికుడు కావాలని, రైఫిలు కాల్చడంలో పాసయితేనే ఇంజన్ల దగ్గరికి పంపుతారని, తప్పితే వెనక బ్యాచిలోకి నెడతారని, మళ్ళీ తప్పితే ఇంటికి పంపేస్తారని అక్కడికి వెళ్ళాకే తెలిసింది. నేను పుస్తకాల్లో చూసిన గురి గుండ్రటి గీతలతో ఉండేది, ఇక్కడేమో తల, భుజాలు ఉన్న మనిషి ఆకారం! నరహత్య చేయకూడదన్న ఆజ్ఞ సండే స్కూల్లో కంఠస్థం చేసిన నోరు నాది. నా తూటా ఒక్కటీ అట్టకు తగల్లేదు. మాకు నేర్పే హవల్దారు గారిని ఉస్తాద్‌జీ అని పిలిచేవాళ్ళం. ఆయన అట్టంతా తడిమి చూసి, "నీ తూటాలన్నీ ఏవయ్యా? సెలవు పెట్టి ఇంటికెళ్ళాయా?" అని హిందీలో అడిగితే వరసంతా నవ్వింది.

ఇంజన్లు వదులుకోలేను, మనిషి బొమ్మను కొట్టలేను. చివరికి నా ప్రార్థన ఇలా తయారైంది: "ప్రభువా, ఈ పరీక్ష తప్పించు. నా అంతట నేను పారిపోయాననే మాట రాకుండా, వాళ్ళే నన్ను పంపేసేలా చెయ్యి."

ఒక ఆదివారం అమ్మకు ఫోన్ చేశాను. ఫైరింగ్ పరీక్ష ఉంది, ప్రార్థన చేయండి అని మాత్రమే అంతకుముందు చెప్పి ఉన్నాను.

"ఏరా నాన్నా, తిన్నావా?"

"తిన్నానమ్మా. నా కోసం ఏమని ప్రార్థిస్తున్నారు?"

"ఏమనేంట్రా, నిన్ను తప్పించమని. స్త్రీల సమాజమంతా శుక్రవారాలు ఉపవాసం ఉంటున్నాం."

నాకు ఆశ్చర్యమేసింది. "మీరూ అదే అడుగుతున్నారా! నేనూ పరీక్ష తప్పించమనే అడుగుతున్నాను."

అమ్మకు అనుమానం వచ్చింది. "ఆగాగు. పరీక్ష తప్పించమంటే? ఫెయిలు చెయ్యమనా?"

"అవునమ్మా."

"ఓరి నీ తెలివి తగలెయ్యా! గండం నుంచి తప్పించమని మేమిక్కడ పస్తులుంటుంటే, నువ్వక్కడ పరీక్ష పోగొట్టమని అడుగుతున్నావా? పాపం, ఆయన ఎవరి మాట వినాలిరా?"

నిఘంటువులు తిరగేసిన నాకు, నా నోట్లో ఉన్న తెలుగు మాటకే రెండర్థాలున్నాయని ఐసు గడ్డలు మోసే అమ్మ చెబితే తెలిసింది! ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. దాచినదంతా చెప్పేశాను.

"మనిషిని చంపడం ఇష్టం లేదని ఆ ఉస్తాదు గారితో అన్నావా?" అంది అమ్మ.

"పిరికివాడంటారని అనలేదమ్మా."

"ఆయనకు చెప్పాల్సింది నువ్వు దేవుడికి చెప్పి, దేవుడొచ్చి ఆయనకు చెప్పాలంటే ఎలారా?"

మరునాడు రైఫిళ్ళు తుడిచే వేళ, వచ్చీరాని హిందీలో ఉస్తాద్‌జీకి అంతా చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుని, "ఇన్నేళ్ళ సర్వీసులో నేను మనిషి మీద కాల్చలేదు. కాల్చే రోజు రాకూడదని రోజూ దణ్ణం పెట్టుకుంటాను. చంపడం ఇష్టం లేదన్నందుకు నిన్నేమీ అనను. కళ్ళు మూసుకుని కాలుస్తున్నావు చూడు, అది తప్పు! నీ పక్కవాడు ఎక్కడున్నాడో కూడా నీకు కనపడదు. వెళ్ళిపోవాలంటే చెప్పు, కాగితం రాస్తాను. ఉండాలంటే కళ్ళు తెరువు" అన్నారు.

దేవునికే మహిమ కలుగును గాక! ఉస్తాద్‌జీ మాటల్లో నా ప్రార్థనకు జవాబు విన్నాను. పుట్టిన దగ్గర నుంచి కళ్ళు మూసుకునే ప్రార్థించిన నేను, పరీక్ష రోజున నేల మీద బోర్లా పడుకుని, మొదటిసారి కళ్ళు తెరిచి ప్రార్థించాను. "తండ్రీ, నాకు ఈ పని ఇష్టం లేదని నీకు తెలుసు. అయినా ఇక్కడే ఉండాలనుకుంటున్నాను. ఈ భయాన్ని తీసెయ్యి, మనుషుల మీద ప్రేమను మాత్రం తీసెయ్యకు." కళ్ళు మూయకుండానే కాల్చాను! పాసయ్యాను. అట్టకు పడిన చిల్లులు చూసి సంతోషించలేదు గానీ, ఆ పూట రెండు పళ్ళేల అన్నం తిన్నాను.

తరువాత ఇంజన్ల శిక్షణ మొదలైంది. మొట్టమొదట ఒక పెద్ద లారీ ఇంజను మూత విప్పి చూపించినప్పుడు, ఏలూరులో బొమ్మల్లో చూసిన ప్రతి భాగమూ నూనెతో మెరుస్తూ కళ్ళ ముందుంటే, అందరూ పేర్లు రాసుకుంటున్నారు, నేను మాత్రం స్తోత్రం స్తోత్రం అనుకుంటూ నిలబడ్డాను! ఇప్పుడు వర్క్‌షాపులో ఉన్నాను. మొన్న వరదల్లో నేను బాగుచేసిన బండి ఎక్కి ముసలివాళ్ళు, బాలింతలు ఒడ్డుకు చేరారు. ఆ పూట నాకు కలిగిన తృప్తి ఇంతని చెప్పలేను.

సహోదరులారా, ఎప్పుడైనా నిజంగా మనిషి మీద కాల్చాల్సి వస్తే ఏం చేస్తావని నేను సెలవులకు వచ్చినప్పుడల్లా మన సంఘంలోని యౌవనస్థులు అడుగుతారు. ఎన్ని పుస్తకాలు చదివినా నా దగ్గర దానికి జవాబు లేదు. ఆ రోజు రానివ్వకు ప్రభువా అని అడుగుతున్నాను, వస్తే నాతో ఉండు అని అడుగుతున్నాను, కడుపునిండా తిని హాయిగా నిద్రపోతున్నాను. నా కోసం ఉపవాసమున్న తల్లులందరికీ వందనాలు. మనసులో తేలని ప్రశ్న పెట్టుకుని, అది తేలాకే దేవుని దగ్గరికి వెళదామనుకునేవారు మీలో ఎవరైనా ఉంటే, తేలకుండానే రండి. నేను అలాగే వెళ్ళాను, ఆయన నన్ను వెనక్కి పంపలేదు. ఆమేన్.