చాలు అన్న మాట

నాందేడులో డ్రాయింగు చెప్పిన అన్నేళ్లలో నాతో తెలుగులో మాట్లాడినవాడు ఒక్కడే. వాణ్ణి కూడా నా నోటితో నేనే పోగొట్టుకున్నాను.

మాది తెలుగు జిల్లా, ఇందూరు వైపు. సర్కారు నౌకరీ అంటే ఎక్కడికి వేస్తే అక్కడికి పోవాల్సిందే కదా. బడిలో పాఠం ఉర్దూలో, పిల్లల గోల మరాఠీలో, రెండు పూటలా తిండి ఖానావళిలో. పెళ్లి చేసుకోలేదు. చేసుకోమని పోరు పెట్టేవాళ్లు కూడా ఒక్కొక్కరే పోయారు. సాయంత్రాలు గోదావరి ఒడ్డున నడుస్తూ నాతో నేనే తెలుగులో మాట్లాడుకునేవాణ్ణి. ఎవరైనా ఎదురైతే దగ్గు వచ్చినట్టు నటించేవాణ్ణి.

మొదటి ఏడు ఒక తమాషా జరిగింది. గంట కొట్టే ముందు అలవాటు కొద్దీ పిల్లలతో "చాలు" అనేవాణ్ణి. వాళ్లు పెన్సిలు దించకపోగా ఇంకా వంగి గీసేవాళ్లు. ఎంత శ్రద్ధో అని మురిసిపోయాను. నెల తర్వాత బడి చప్రాసీ నవ్వాపుకోలేక చెప్పాడు, మరాఠీలో చాలూ అంటే ఆపకుండా కానివ్వమని అర్థమట. నా మురిపెం అంతా ఉత్తదైపోయింది. అయితే మాట మాత్రం నాలుకకు పట్టేసింది. బొమ్మ బాగా వస్తున్న పిల్లవాడి దగ్గర "చాలు" అని, అంటే కానివ్వు అని, ముందుకు నడిచేవాణ్ణి.

ఆ తర్వాత కొన్నేళ్లకు వాడు వచ్చాడు. ఉమ్రి దగ్గరి పల్లె, భూమి లేని కూలివాళ్ల బిడ్డ. స్టేషనులో హమాలీ చేసే మేనమామ దగ్గర ఉండి చదివేవాడు. ఒకరోజు క్లాసులో సిరా ఒలికి, "అయ్యో, గిట్లయిందేంది" అని గొణుక్కున్నాడు. నల్లబల్ల మీద నా చెయ్యి ఆగిపోయింది. ఆ రోజు నుంచి బడి వదిలాక నా డ్రాయింగు బల్ల వాడిదే. వాడు గీసేవాడు, నేను పక్కన కూర్చునేవాణ్ణి. వానలు, జొన్నరొట్టె, వాళ్లమ్మ వేసే తిట్లు, ఏదైతేనేం, తెలుగులో వింటే నాకు కడుపు నిండేది.

వాడికి కొరుకుడు పడనిది ఒకటే పాఠం, ఆక్సిలరీ వ్యూ. వడ్లాయన చేత ఒక ఏటవాలు చెక్క చేయించి, ఆ వాలులో గుండ్రటి తూటు పెట్టించాను. ముందు నుంచి చూస్తే ఆ వాలు ఒట్టి గీత. పైనుంచి చూస్తే తూటు నొక్కిన గుడ్డులా ఉంటుంది. దాని నిజం ఆకారం తెలియాలంటే ఆ వాలుకు సరిగ్గా ఎదురుగా చూడాలి, ఆ చూపును వేరే బొమ్మగా గీయాలి. వాడేమో ఆ బొమ్మను కూడా తిన్నగానే గీసేవాడు.

"కాయితం మీద వంకరగ గీస్తె తప్పు గాద సార్?"

"చెక్కనే వంకరగున్నదిర. నువ్వే దాని దిక్కు తిరగాలె."

ఆ ఏడు డ్రాయింగు పరీక్ష పాసైతే హైదరాబాదులో ఓవర్సీరు చదువుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మేనమామ మాత్రం చదివింది చాల్లే అని ఉమ్రి జిన్నింగు మిల్లులో పని చూసి పెట్టాడు. పరీక్షకు వారం ముందు వాడు అడిగాడు.

"నాతోని అయితదా సార్? కాదంటె ఊరికి పోత."

"రేపు ఆ చెక్క బొమ్మ గియ్యి. చూసి చెప్త" అన్నాను.

మర్నాడు హెడ్మాస్టరుతో ఏదో మాటామాటా అయి చిరాకుగా క్లాసుకు వచ్చాను. వాడికిచ్చిన మాటే గుర్తు లేదు. బల్లల మధ్య తిరుగుతూ వాడి కాగితం చూశాను. మూడో బొమ్మ వాలుకు ఎదురుగా తిరిగి ఉంది, తూటు గుండ్రంగా ఉంది. "చాలు" అని పక్క బల్లకు పోయాను. వాడు మూలమట్టం తుడిచి పెట్టి, సలాం చేసి బయటికి నడిచాడు. మంచినీళ్లకు పోయాడనుకున్నాను.

మళ్లీ రాలేదు. మేనమామను అడిగితే ఊరికి పోయాడన్నాడు. ఎందుకు పోయాడో తోచక, తిరిగొస్తాడులే అని ఎదురు చూస్తూ ఉండిపోయాను. పరీక్ష రోజు వాడి కుర్చీ ఖాళీ. ఆదివారం రైలెక్కి ఉమ్రి పోయాను. మిల్లు గేటు దగ్గరికి వచ్చాడు, నెత్తినిండా దూది.

"పరీక్షకెందుకు రాలేదుర?"

"మీరే చాలన్నరు గద సార్. నాతోని మీరు మాట్లాడేది తెలుగే గద. నాతోని కాదన్నరనుకున్న."

తెలుగువాడితో తెలుగు మాటే అన్నాను, కానీ మరాఠీలో అన్నాను. అదంతా విడమరిచి చెప్పాను. వాడు తల వంచుకుని విన్నాడు.

"అయితె బొమ్మ మంచిగనే అచ్చిందా సార్?"

"అందరికన్న మంచిగ అచ్చింది."

సిగ్గు విడిచి బతిమాలాను. వచ్చే ఏడు మళ్లీ కూర్చో, మామ పెట్టుకోకపోతే నా గదిలో ఉండు, నాకూ మనిషి తోడు అన్నాను.

"అసూ ద్యా, గురుజీ" అన్నాడు. పోనివ్వండి అని. అన్నాళ్లలో నాతో ఒక్క ముక్క మరాఠీ మాట్లాడని పిల్లవాడు. తిరుగు రైలు ఎన్ని గంటలకో కూడా మరాఠీలోనే చెప్పి లోపలికి పోయాడు.