ఉప్పు చూసే గ్లాసు

ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ముప్ఫై ఏళ్లుగా వంట చేస్తున్న ఆయన్ని అందరూ గరిటె మామ అనేవారు. మూడొందల మందికి సరిపడా అలసందలు, శనగలు ఒంటిచేత్తో ఉడికించి పడేసేవాడు. అలాంటి మనిషికి కిడ్నీలు దెబ్బతిన్నాయని తేలేసరికి భార్య బెంబేలెత్తిపోయింది. డయాలసిస్ మిషన్ దాకా పోనివ్వకూడదు, అదొక్కటే ఆవిడ పట్టు.

ఆసుపత్రిలో పథ్యం చెప్పే అమ్మాయి ఓపిగ్గా వివరించింది. "పప్పుగింజలు పూర్తిగా మానక్కర్లేదు పిన్నిగారూ. నేను రాసిచ్చిన కొలత దాటకుండా పెట్టండి. నానబెట్టిన నీళ్లు పారబోయండి, ఉడికించిన నీళ్లూ వార్చేయండి. బాబాయిగారికి పడని పొటాషియం చాలావరకు వాటితోనే పోతుంది."

ఆవిడ అక్షరం పొల్లుపోకుండా అలాగే చేసింది. "పిప్పి పెడుతున్నావేంటే!" అని ఆయన సణిగినా చెవిన పెట్టలేదు.

రెండు నెలలకి పరీక్ష చేయిస్తే పొటాషియం ఇంకా పెరిగింది. డాక్టరు కళ్లజోడు మీదనుంచి ఆవిడ వైపే చూశాడు. "ఇంట్లో ఏం పెడుతున్నారమ్మా?"

"దీనికి చెయ్యి ఆగదండీ. నీళ్లు సరిగ్గా వార్చదేమో!" అనేశాడు గరిటె మామ.

ఆవిడకి తల కొట్టేసినట్టయింది. సాయంత్రానికల్లా ఆడపడుచు ఫోను. "వదినా, మా అన్నయ్యని బతకనిస్తావా, లేదా?" ఆ రోజు నుంచి ఆవిడ ఇంట్లోకి గింజన్నది రానివ్వలేదు. ఆయన ముద్దముద్దకీ సాధించినా, మాటలన్నీ పడింది.

ఒకరోజు ఆయన మందుబిళ్లలు మర్చిపోతే ఆవిడే క్యాంటీన్‌కి పట్టుకెళ్లింది. గుండిగ పక్కన నిలబడి ఆయన పెద్ద స్టీలు గ్లాసుతో శనగలు ఉడికిన నీళ్లు గటగటా తాగుతున్నాడు.

"ఏంటయ్యా అది?"

"ఉప్పు చూస్తున్నానే."

"ఉప్పు చూడ్డానికి చెంచాడు చాలదా?"

పక్కన ఉల్లిపాయలు తరుగుతున్న క్యాంటీన్ అమ్మాయి కిసుక్కున నవ్వింది. "మామకి అలవాటే అక్కా! గుండిగకో గ్లాసు. పొద్దుట్నుంచి ఇది నాలుగోది."

"సారమంతా ఇందులోనే ఉంటుంది, పారబొయ్యడానికి చేతులెలా వస్తాయే? అయినా తాగేది నీళ్లేగా, గింజలు కాదుగా!" అన్నాడాయన, పెద్ద లాయరులా.

"మరి డాక్టరు ముందు నా మీదెందుకు తోశావు?"

ఆయన గుండిగలోకి చూస్తూ గరిటెతో కలియబెట్టాడు.

ఆవిడ మందులు బల్ల మీద పెట్టి, తిన్నగా మేనేజరు గదికి వెళ్లి, జబ్బు సంగతీ గ్లాసు సంగతీ చెప్పేసింది. మర్నాటి నుంచి పొయ్యి దగ్గర వేరేవాళ్లు. మామని ప్లేట్లు అందించేచోట నిలబెట్టారు. వారం తిరక్కుండా క్యాంటీన్‌లో కుర్రకారు ఆయన్ని ప్లేట్ల మామ అని పిలవడం మొదలుపెట్టారు.

తర్వాతి పరీక్షలో పొటాషియం దిగింది. "భేష్! ఇలాగే కానివ్వండి. ఇప్పట్లో మిషన్ మాటే లేదు" అన్నాడు డాక్టరు.

బయటికొచ్చాక ఆవిడ, "విన్నావుగా?" అంది. ఆయన బస్టాపు వైపు ముందే నడిచాడు.

ఇంటికెళ్లే బస్సులో ఆవిడ కిటికీ పక్కకి జరిగి చోటిచ్చింది. ఆయన దిగేదాకా కడ్డీ పట్టుకుని నిలబడే ఉన్నాడు.