ఖలీల్ సాబ్ మిల్లింగ్ మిషన్‌కు నేను చేసిన ఉపకారం

2023 ఎండాకాలం. నారాయణఖేడ్ బస్టాండ్ వెనక సందులో నా మోటార్ వైండింగ్ దుకాణం. కాలిపోయిన బోరు మోటార్లలో పాత రాగి తీగ పీకి కొత్తది చుట్టడం, స్టార్టర్లు బాగుచేయడం నా పని. ఈ చుట్టుపక్కల రైతు ఎవరొచ్చినా మోటార్‌తో పాటు తప్పకుండా అడిగేది ‘ఆటో’. కరెంటు పోతే స్టార్టర్ పడిపోతుంది, మళ్లీ వచ్చాక ఎవరో ఒకరు చేనుదాకా పోయి బటన్ నొక్కాలి. ఆ తిప్పలు లేకుండా, కరెంటు రాగానే మోటార్ తనంతట తానే తిరిగేలా ఒక చిన్న పెట్టె బిగిస్తాం. మనూర్ నుంచి కంగ్టి దాకా నా అన్ని ఆటోలు ఇంకెవరూ బిగించలేదని నాకు కొంచెం పొగరు కూడా ఉండేది.

ఖలీల్ సాబ్ ఐటీఐలో ఫిట్టర్ పిల్లలకు పని నేర్పి రిటైరైన మనిషి. ఇంటి వెనక గదిలో బల్ల మీద పట్టేంత చిన్న మిల్లింగ్ మిషన్ పెట్టుకున్నాడు. తిరిగే కట్టర్ కింద ఇనుప ముక్కను జరుపుతూ కావలసిన ఆకారానికి కోసే యంత్రం అది. దానితో ఆయన కుక్కర్ ఆవిరికి నడిచే బుల్లి ఇంజన్లు చేస్తాడు. అమ్మడానికి కాదు, సరదాకే. ఆ వయసులో ఆ వేళ్ల పనితనం చూస్తే నాకు అసూయ కలిగేది.

“విఠల్, దీని స్పీడ్ నా చేతుల ఉండాలె,” అన్నాడు ఒకరోజు దుకాణానికి వచ్చి. “మాటిమాటికి బెల్టు మార్చుడు నాతోని అయితలేదు. అగ్గువల ఏమన్న చెయ్యి.”

“అగ్గువల చేస్త సాబ్. మంచిగ గూడ చేస్త.”

పాత ట్రెడ్‌మిల్ నుంచి తీసిన డీసీ మోటార్ ఒకటి స్క్రాప్‌లో దొరికింది. దానికి ఆన్‌లైన్‌లో ఒక స్పీడ్ కంట్రోల్ బోర్డ్ తెప్పించాను. మోటార్‌కు వెళ్లే కరెంటును ఈ బోర్డ్ తుంపులు తుంపులుగా పంపుతుంది, నాబ్ తిప్పితే వేగం పెరుగుతుంది, తగ్గుతుంది. రెండు రోజుల్లో బిగించేశాను. మిషన్‌తో వచ్చిన పాత స్విచ్‌ను మాత్రం తీసి పక్కన పడేశాను. కరెంటు కాస్త అటూ ఇటూ అయినా అది టప్పున పడిపోయే రకం. ‘ముసలాయన ఎన్నిసార్లు నొక్కుతాడు పాపం’ అనుకుని ఒకసారి వేస్తే వేసినట్టే ఉండే మామూలు స్విచ్ పెట్టాను. ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. నా లెక్కలో అది ఉపకారం.

వారం దాటాక ఒక మధ్యాహ్నం దుకాణం బయట రేకుల నీడలో ఇద్దరు రైతులతో మాట్లాడుతుంటే ఫోనొచ్చింది.

“విఠల్, మిషన్ ఆగిపోయింది. ముక్కలనే కట్టర్ ఇరికింది. బోర్డ్ గిట్ల కాలిందా ఏంది?”

నేను చేసిన పనికే వంక పెడుతున్నాడని నాకు తిక్క రేగింది. “నేను పెట్టిన బోర్డ్ కాలుడేంది సాబ్? జోరుగ కోసిండ్రు గావచ్చు. ఇనుప పొట్టు తీసి, కట్టర్‌ను చేత్తోని అటూఇటూ తిప్పి చూడుండ్రి. నేను జర ఆగి వస్త.”

“కరెంటైతే ఉంది, లైటు, ఫ్యాను నడుస్తున్నయి. సరే, తిప్పి చూస్త.”

ఫోన్ పెట్టేసి, రైతుల మోటార్ తిప్పి చూపిద్దామని లోపలికి వెళ్లాను. టెస్టింగ్ బోర్డు మీద బల్బు వెలగలేదు. ఫ్యాన్ ఆగి ఉంది. బజార్లో కరెంటే లేదు.

ఒక్క క్షణం ఏమీ తోచలేదు. తర్వాత తోచింది. ఖలీల్ సాబ్ ఇంట్లో లైటుకు, ఫ్యానుకు ఇన్వర్టర్ ఉంది. మిషన్‌కు లేదు. అంటే బోర్డ్ కాలలేదు, కరెంటు పోయింది. స్విచ్ వేసే ఉంది. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు కట్టర్ తిరుగుతుంది. ఆ కట్టర్‌ను చేత్తో పట్టుకొమ్మని చెప్పింది నేనే!

వెంటనే ఫోన్ చేశాను. రింగవుతోంది, ఎత్తడం లేదు. మళ్లీ చేశాను. వెనక గదిలోకి పోయేటప్పుడు ఆయన ఫోన్ ముందు గదిలో వదిలేస్తాడని తెలుసు. లైన్‌మన్ మొగులయ్య నంబర్ నొక్కాను.

“మొగులయ్యా, కరెంటు ఇయ్యకుండ్రి! జర ఆపుమను!”

“నా పని అయింది, కరెంటు ఇయ్యుండ్రని సబ్‌స్టేషన్‌కు లైన్ క్లియర్ గూడ ఇచ్చిన అన్నా. ఇగ ఎప్పుడన్న వస్తది. ఏమైంది?”

“మిషన్ల ఒకాయన చెయ్యి ఉన్నదిరా బై!”

“అయ్యో, నా చేతుల లేదే. సబ్‌స్టేషన్‌కు ఫోన్ కొట్టి చూస్త, నువ్వైతే ఉరుకు.”

బండి ఎలా స్టార్ట్ చేశానో, చౌరస్తాలో ఆటోరిక్షాల మధ్య నుంచి ఎలా దూరానో నాకే తెలియదు. ఎవరో తిట్టారు. ఒక్కటే మొక్కుకున్నాను: ఇంకొక్క నిమిషం కరెంటు రావొద్దు దేవుడా. కరెంటు రావొద్దని మొక్కడం నా బతుకులో అదే మొదటిసారి.

ఆయన సందులోకి తిరిగానో లేదో, వరసగా ఇళ్ల కిటికీల్లో కూలర్లు గుర్రుమన్నాయి. కరెంటొచ్చింది. గేటు దగ్గర బండి పడేసి “సాబ్! చెయ్యి తియ్యుండ్రి!” అని అరుస్తూ పరుగెత్తాను. లోపలి నుంచి “యా అల్లా!” అన్న కేక.

వెనక గదిలో ఆయన గోడకు ఆనుకుని ఉన్నాడు. కుడిచెయ్యి ఎడమ చంకలో అదుముకున్నాడు, అంగీ తడిసి ఎర్రగా ఉంది. మిషన్ మీద కట్టర్‌కు తుడిచే గుడ్డ చుట్టుకుని పటపటా కొట్టుకుంటోంది. ప్లగ్ పీకేశాను. చెయ్యి చూపించమంటే చూపించడు. చూడాలంటే నాకూ భయమే. చివరికి వేళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టాను. ఐదూ ఉన్నాయి. నా రుమాలు గట్టిగా చుట్టి, ఆయన్ని బండెక్కించాను.

చుట్టుకున్న గుడ్డతో చూపుడు వేలు గోరు పోయింది, కొస చీలింది. దవాఖానలో కుట్లు వేశారు. వేళ్లు మెలికపడక ముందే చెయ్యి లాగేసుకున్నాడు కాబట్టి అంతటితో పోయింది. అక్కడే పాత స్విచ్ సంగతి చెప్పేశాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

“ఆగిన మిషన్, బందు చేసిన మిషన్ ఒకటి గాదని పిల్లలకు మొదటిరోజే చెప్పేటోన్ని,” అన్నాడు కట్టు వైపు చూస్తూ.

“మరి మీరెందుకు చెయ్యి పెట్టిండ్రు సాబ్?” అని నోరు జారాను.

“నువ్వు పెట్టుమన్నవ్ గద.”



వేలు మానేలోపే మిషన్‌కు కాంటాక్టర్ బిగించాను. కరెంటు పోగానే విడిపోయి, మనిషి వచ్చి బటన్ నొక్కేదాకా మళ్లీ కలవని స్విచ్ అది. ఆయన నాచేత పదిసార్లు ప్లగ్ పీకించి పెట్టించాడు. ఒక్కసారీ మిషన్ కదల్లేదు. అప్పుడు గానీ ఆయన గోడ దగ్గర నుంచి మిషన్ దగ్గరికి రాలేదు.

వానలు పడ్డాక కంగ్టి వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. గడ్డి కోసే చాఫ్ కట్టర్‌కు ఆటో కావాలన్నాడు. పాత విఠల్ అయితే ఆ మాటకే స్క్రూడ్రైవర్ అందుకునేవాడు.

“కరెంటు పోయినప్పుడు నీ చెయ్యి ఏడుంటది?” అని అడిగాను.

“ఏడుంటది? గడ్డి ఇరికితే గిట్ల లోపటికి నూకుతుంట...” అంటూ చెయ్యి ముందుకు చాపి చూపించాడు. అలాగే ఆగిపోయాడు. తన చేతిని తానే కాసేపు చూసుకున్నాడు.

“ఆటో వద్దు తియ్ అన్నా,” అన్నాడు.

ఆయన్ని పంపించాక నాకు కూర్చోబుద్ధి కాలేదు. అంతకు ముందు ఏడాది కల్హేర్‌లో రెండు చాఫ్ కట్టర్లకు నా చేత్తోనే ఆటోలు బిగించాను. షట్టర్ దించి, బండి కల్హేర్ తోవ పట్టించాను.