ఫోన్లో చెప్పిన జవాబులు

ఆరేళ్ళుగా మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు. ఆదివారం చర్చిలో మోకాళ్ళ మీద ఉన్నప్పుడు కూడా నోరు పెగల్లేదు. మీ పత్రిక పేరు అడక్కుండా ఉత్తరాలు వేస్తుంది కాబట్టి మీకు చెబుతున్నాను.

నెల్లూరు తీరంలో ఒక చిన్న ప్రభుత్వాసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ని. గొప్పలు చెప్పుకోవడం నాకిష్టం, దాచను. కఫం స్లైడులో క్షయ క్రిమి ఒక్కటే ఉన్నా నా కంటబడి తీరుతుంది. జిల్లాలో ఏ ల్యాబులో అడిగినా చెబుతారు.

మా పనితనం కొలవడానికి ఏటా పైనుంచి ఐదు స్లైడులు వచ్చేవి, అన్ని ల్యాబులకూ ఒకే వరసలో. ఏ స్లైడులో క్రిములున్నాయో ఎవరికి వారు చూసి రాయాలి. మిగతా ల్యాబుల్లోని మావాళ్ళు నాకు ఫోన్ చేసి, నేను చెప్పింది రాసేవాళ్ళు. అందరికీ నూటికి నూరు. సాయం చేస్తున్నాననుకున్నానా? లేదు. అడిగించుకోవడం బాగుండేది, అంతే.

పక్క ఊరి ల్యాబులో సుధాకరన్న తన మైక్రోస్కోపులో అంతా మసగ్గా ఉందని ఒకసారి అన్నాడు. ఉప్పుగాలికి, చెమ్మకు లెన్సు బూజు పట్టింది. విని, నవ్వి, జవాబులు చెప్పాను. ఆయనకూ నూరే వచ్చింది. నూరు వచ్చిన ల్యాబుకు కొత్త మైక్రోస్కోపు ఎవరిస్తారు?

ఆ వేసవిలో రొయ్యల గుంటల మీద పనిచేసే రమణమ్మ నా దగ్గరికొచ్చింది. దగ్గి దగ్గి ఎముకల గూడయింది. స్లైడు నిండా క్రిములే.

"సుధాకర్ సారు దగ్గర రెండు తూర్లు చూపించుకున్నా తల్లీ. ఏం లేదన్నాడే?"

"అప్పుడు లేదేమోలే అక్కా," అన్నాను.

"నీ కడుపు చల్లగుండా. నువ్వన్నా కనిపెట్టినావు."

మందులు మొదలుపెట్టారు. నెల తిరక్కుండానే పోయింది.

సుధాకరన్న మీదకు తోసెయ్యడం తేలిక. ఎన్నోసార్లు తోశాను కూడా. కానీ ఆ బూజును పట్టుకోవడానికే కదా ఆ ఐదు స్లైడులు వచ్చింది? దొరక్కుండా కాపాడింది నేను.

మరుసటి ఏడు ఎవరికీ జవాబులు చెప్పలేదు. సుధాకరన్నకు రెండు తప్పాయి. నెల్లూరు నుంచి అధికారులు వచ్చి చూసి, కొత్త మైక్రోస్కోపు ఇచ్చారు. నాకు తలపొగరన్నారు మావాళ్ళు. ఉంది, ఇప్పటికీ ఉంది. నా ల్యాబన్నా, నా చూపన్నా నాకు గర్వమే. ఒక్క క్రిమినీ వదలని ఈ కళ్ళతోనే రమణమ్మ మొహంలోకి చూసి అబద్ధమాడాను.

రాసేశాను. గుండె కాస్త తేలికైంది. ఆమెకు చెప్పాల్సిన మాట మీకు చెప్పాను.