మాస్టారి మీద పేడనీళ్ళు

నిన్న మధ్యాహ్నం మా విశ్వవిద్యాలయం నుంచి ఫోనులో ఒక విన్నపం వచ్చింది. భారతీయ వారసత్వం, సంస్కృతి కోర్సులను ఇంకా పెంచుతున్నారట, పాత అధ్యాపకులం తలా కాస్త విరాళం ఇవ్వాలట. ఇవ్వడం మాట అటుంచి, చదవగానే నాకు నవ్వు ఆగలేదు.

తొంభైల చివర నేను ఆ శాఖలో తాత్కాలిక అధ్యాపకురాలిని. గుళ్ళూ శాసనాలూ తప్ప కొండల్లో మనుషుల పాటలూ పండుగలూ అప్పటి మా పాఠాల్లో ఉండేవి కావు. వాటికో కోర్సు పెడతామంటే పైవాళ్ళు సరేనన్నారు గాని, మొదటి రెండేళ్ళ ఖర్చు మీరే తెచ్చుకోండన్నారు. ఏడాది ముగిసేలోగా తేకపోతే ఆ కోర్సూ ఉండదు, దాన్ని చెప్పవలసిన నా ఉద్యోగమూ ఉండదు. మావారు పనిచేసే మిల్లు మూతబడి ఇల్లంతా నా జీతం మీదే నడుస్తున్న రోజులవి. మన వయసు వాళ్ళకు ఆ దిగులు చెప్పక్కర్లేదు. అప్పటికే నేనూ మా శాఖాధిపతి మాస్టారూ ఎక్కని గడప లేదు.

చివరికి విశాఖ మన్యంలోని ముంచింగిపుట్టులో ఒక షావుకారున్నాడని ఎవరో చెప్పారు. మైదానం నుంచి వెళ్ళి ముప్పై ఏళ్ళుగా ఆ సంతలో పసుపూ పిప్పళ్ళూ కొనే మనిషి. ఇద్దరం జీపులో బయలుదేరాం. అది చైత్రమాసం, అక్కడ పెద్ద పండుగ. మగవాళ్ళు వేటకు పోతే ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా దుంగ వేసి, వచ్చేపోయే బండ్లను ఆపి పండుగ ఖర్చుకు పైకం పుచ్చుకుంటారు. వేట నుంచి ఉత్త చేతులతో వచ్చిన మగవాడి మీద పేడనీళ్ళు చల్లుతారు. మాస్టారికి ఇదంతా పుస్తకాల్లో చదివి తెలుసు. తెలిసిన మనిషి ఊరుకుంటేగా! ఊరికి మైలు దూరంలో దుంగ దగ్గర జీపు దిగి, అడిగింది ఇచ్చి, మేమూ చందా కోసం వెళ్తున్నాం, తిరిగొచ్చేటప్పుడు మీ మగవాళ్ళలాగే తెచ్చింది మీకు చూపిస్తామని గొప్పగా మాట ఇచ్చారు.

షావుకారు మజ్జిగ ఇచ్చి మర్యాద చేశాడు గాని చందా మాట ఎత్తగానే తల అడ్డంగా ఊపాడు. చదువుకున్నవాళ్ళు వస్తారు, ఫొటోలు తీసుకుని పోతారు, ఈ జనాన్ని చిన్నచూపు చూడడం మాత్రం మానరు, అలాంటి చదువుకు నా డబ్బెందుకన్నాడు. నా ప్రాణం ఉసూరుమంది. జీపెక్కి తిరుగుదారి పట్టాం.

దుంగ దగ్గర ఆడవాళ్ళు మాట మరిచిపోలేదు. పెద్దావిడ జీపులోకి తొంగి చూసి, "ఏటి తెచ్చేవు బాబూ? ఏటీ నేదా!" అంది. పేడనీళ్ళ బాల్చీ వచ్చింది. అంతటితో పోతే బాగుండేది; నేనూ ఆడదాన్నే కనుక వాళ్ళ పక్షమని ఆ బాల్చీ తెచ్చి నా చేతికే ఇచ్చారు. నా ఉద్యోగానికి సిఫార్సు చేయవలసిన పెద్దమనిషి నెత్తిన నేనే పోయాలి! మాస్టారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, "కానివ్వమ్మా, మాట ఇచ్చాను కదా" అన్నారు. పోశాను. వాళ్ళు విరగబడి నవ్వుతుంటే ఆయనా నవ్వు ఆపుకోలేకపోయారు. "మల్లీ ఎల్లు బాబూ, బేగి ఎల్లు" అంటూ పెద్దావిడ ఆయన్ని వచ్చిన దారినే వెనక్కి తోసింది.

ఆ అవతారంతో విశాఖ దాకా ఎలా వస్తాం? కాసిని నీళ్ళ కోసం షావుకారు ఇంటికే పోయాం. ఆయన జరిగింది విని మాస్టారిని ఎగాదిగా చూసి, "కోపం రానేదా సారూ?" అన్నాడు. మాట తప్పింది నేనైతే వాళ్ళ మీద కోపమేమిటండీ అన్నారు మాస్టారు, చెవులు తుడుచుకుంటూ. షావుకారు లోపలికి వెళ్ళి ఉతికిన పంచె తెచ్చాడు, దానితోపాటు చెక్కుబుక్కూ తెచ్చాడు. కోర్సు నిలిచింది, నా ఉద్యోగమూ నిలిచింది. ఘాటురోడ్డు దిగుతున్నంతసేపూ కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. అంత హాయిగా నా జన్మలో ఎప్పుడూ ఏడవలేదు.

ఇప్పుడు పని కాదని తెలిసినా ఎవరూ ముఖం మీద కాదనరు, చూద్దాం, కబురు చేస్తాం అంటారు. ఆ కబురు కోసం నెలలు ఎదురు చూసి ఎవరి ఓటమిని వాళ్ళు గుట్టుగా ఇంటికి మోసుకుపోతారు. ఉత్త చేతులతో వచ్చిన మనిషిని నలుగురిలో నిలబెట్టి, కడుపారా నవ్వి, మళ్ళీ వెళ్ళమని వీపు మీద చెయ్యి వేసి తోసేవాళ్ళు మాకు ఆ రోజు దొరికారు. ఈ కాలపు పిల్లలకు ఎవరు దొరుకుతారో!