మా అత్త కట్టిన ఉప్పుమూట

గుడియాత్తంలో నాది స్టెయిన్‌లెస్ స్టీలు వెల్డింగ్ షాపు. వేలూరులో అత్తగారింటి మేడమీద సోలార్ వేడినీళ్ల పైపు వేసింది నేనే. వేలితో తడిమినా అతుకు ఎక్కడుందో తెలియదు. పెళ్లిలో నా రంగు చూసి మూతి ముడిచిన మా అత్త, ఆ పైపు చూపించడానికి వీధిలో వాళ్లందరినీ మేడెక్కించేది. ఆ ఇంట్లో నాకు కాస్తో కూస్తో మర్యాద ఉందంటే ఆ పైపు పుణ్యమే.

కొన్ని నెలలకు అతుకు పక్కన నీళ్లు కారాయి. తలెత్తుకోలేక పోయాను. ఆ ముక్క కోసేసి కొత్తది అతికాను. వానలు వెళ్లాక మళ్లీ అక్కడే కారింది.

"నీ తప్పేమీ లేదు నాయనా. అందరూ నోర్లు తెరుచుకోని చూసినారు. దిష్టి తగిలిండాది," అంది అత్త.

మామ మాత్రం నాకు వినబడేంత దూరంలోనే ఫోన్లో, "కాట్పాడిలో మంచి వెల్డరు యాడన్నా ఉండాడా అప్పా?" అని అడుగుతున్నాడు. నా అతుకు మీద ఇంకొకడు చెయ్యి వేస్తే ఆ ఇంటి గడప ఎలా తొక్కను?

మళ్లీ అతికినా మూడోసారి కారింది. ఈసారి చెప్పకుండా వెళ్లి నేరుగా మేడెక్కాను. సరిగ్గా అతుకు మీద కొబ్బరికాయంత నల్లగుడ్డ మూట వేలాడుతోంది. విప్పితే చెమ్మకు కరిగి పైపు మీదికి కారుతున్న కల్లుప్పు.

"ఇది ఎప్పటి నుంచి ఉండాది అత్తా?"

"మొదటి నుంచీ. నువ్వు వచ్చినప్పుడు పనికి అడ్డమని విప్పేస్తా ఉంటి. కారిన కొద్దీ పెద్దది కట్టినాను."

పేర్ణాంబట్టు తోళ్ల ఫ్యాక్టరీల్లో ఇలా పగిలిన పైపులు ఎన్ని మార్చానో. అతికిన చోట ఉక్కులో బిగువు మిగిలిపోతుంది. దానికి వేడీ ఉప్పూ తోడైతే వెంట్రుకల్లాంటి పగుళ్లు పుడతాయి. వేడి సూర్యుడిచ్చాడు, బిగువు నేనిచ్చాను, ఉప్పు మా అత్త ఇచ్చింది. నాకు కోపం, నవ్వు ఒకేసారి వచ్చాయి. కూర్చోబెట్టి అంతా చెప్పాను.

"అయితే పైపుకు ఉప్పు పడదు."

"పడదత్తా."

అత్త ఆ మూటలోంచే గుప్పెడు ఉప్పు తీసింది. "పైపు చేసిన మనిషికి పడతాదిలే. తూరుపుకు తిరుగు."

అంత కోపంలోనూ తిరిగాను. నా తల చుట్టూ ఉప్పు తిప్పుతుంటే మామ మెట్లెక్కి వచ్చాడు, అంతా విన్నట్టున్నాడు.

"కండ్లలో ఉప్పు పడనీకు," అన్నాడు అత్తతో. "రేపు వెల్డింగు చేయాల్సింది ఆ కండ్లే."