రెండు తాళాలు, రెండు చెవి మిషన్లు

ఒక మనిషికి కొత్తగా చెవులు వినబడటం మొదలైతే నాలుగెకరాల వరి ఎండిపోయే ప్రమాదం ఉంటుందని ఏ డాక్టరూ చీటీ మీద రాయడు. నాకూ ఎవరూ రాసివ్వలేదు. అందుకని ఆ ఘనకార్యం నా చేతుల మీదుగా, కాదు, నా చెవుల మీదుగానే జరిగింది. బాన్సువాడలో ఇప్పటికీ నన్ను చూడగానే కొందరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. నవ్వు ఆపుకోవడానికా, మాట దాచుకోవడానికా అని నేను అడగను.

నాలుగేళ్ల కిందటి మాట. జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెప్పి నేను రిటైరై అప్పటికి ఏడాది. నా చెవులు నాకంటే మూడేళ్ల ముందే రిటైరయ్యాయి. ఆ సంగతి నాకూ మా ఆవిడ సుగుణకూ తప్ప మూడో మనిషికి తెలియదని నా గట్టి నమ్మకం. ఎవరేం మాట్లాడినా తల ఊపేవాణ్ని. నిలువుగా కాదు, అడ్డంగా కాదు. ఆ రెంటికీ మధ్య ఒక కోణం ఉంది, అందులో ఊపితే ఏ ప్రశ్నకైనా జవాబైపోతుంది.

ఈ ఊపుడు వల్ల నాకు అనుకోని హోదా వచ్చింది. పొలం ఒడ్డు తగాదాలూ నీళ్ల తగాదాలూ వస్తే మధ్యలో కూర్చోబెట్టే పెద్దమనిషినయ్యాను. రెండు పక్షాలూ గంటసేపు అరుచుకునేవి. నాకు ఒక్క ముక్క అందేది కాదు. వాళ్ల దవడలు అలిసిపోయాయని చూసి, "అంతా విన్నాను. తప్పు ఇద్దరిదీ ఉంది, మంచితనమూ ఇద్దరిదీ ఉంది. చాయ్ తాగి ఆలోచించుకోండి" అనేవాణ్ని. గ్లాసు కింద పెట్టేలోగా రాజీ అయ్యేది. చెవిటివాడి ముందు శంఖం ఊదితే వృథా అన్నారు పెద్దలు. ఊదినవాడి గుండె తేలికవుతుందన్న సంగతి వాళ్లకు తట్టినట్టు లేదు. పిట్లం నుంచి, బిచ్కుంద నుంచి కూడా పిలుపులు వచ్చేవి. "సారు నడుమ మాట్లాడడు, మొత్తం ఇంటడు" అని చెప్పుకునేవాళ్లట. ఆ మాట నాకు సుగుణ కాగితం మీద రాసి చూపించింది.

ఇంట్లో నా కీర్తి అంత బాగా లేదు. టీవీ శబ్దం ఎంత పెంచేవాణ్నంటే, పక్కింటివాళ్లు తమది బంద్ చేసి మాది వినేవాళ్లు. ఏటికేడు వినికిడి ఇంకా తగ్గింది. ఒకరోజు కుక్కర్ ఈలలు వేసి వేసి లోపల పప్పు బొగ్గైపోయింది. నేను పక్కనే పేపరు చదువుకుంటున్నాను.

"చెవులకు మిషను పెట్టించుకుంటరా, నేను కుక్కర్ పట్టుకొని మా అన్న ఇంటికి పోవాల్నా?" అంది సుగుణ, నా మొహంలోకి వంగి.

కుక్కర్ లేని జీవితం ఊహించుకుని ఒప్పుకున్నాను.

నిజామాబాద్‌లో చెవులు పరీక్ష చేసే డాక్టరమ్మ నా విద్యార్థుల వయసు పిల్ల. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చేతికి మీట ఇచ్చి, శబ్దం వినబడినప్పుడల్లా నొక్కమంది. జవాబు రాకపోయినా పేపరు ఖాళీగా వదలొద్దని ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పినవాణ్ని. ధైర్యంగా నొక్కుతూ పోయాను. ఆమె తలుపు తీసి గట్టిగా చెప్పింది.

"సార్, నేనింకా స్టార్ట్ చెయ్యలే."

తర్వాత మిషన్ల ఎంపిక. చెవి లోపల మాయమైపోయే పెసరగింజంత మిషను మీద నా కన్ను పడింది.

"అది కొంచెం తగ్గినోళ్లకు సార్. మీకు మస్తు తగ్గింది. చెవి ఎనక పెట్టుకునేదే పని చేస్తది."

"నాకూ కొంచెమే కదమ్మా తగ్గింది."

"గోడ మీద గడియారం ఇనవడుతుందా?"

"ఆగిపోయిన గడియారం ఎట్లా వినబడుతుంది?"

"నడుస్తుంది సార్."

చెవి వెనక పెట్టుకునేవే తీసుకున్నాను. ఇన్నేళ్లు మరిచిపోయిన చప్పుళ్లను మెదడు మళ్లీ నేర్చుకోవాలనీ, మొదటి వారం ఇంట్లోనే, ఒక్క మనిషితోనే మాట్లాడాలనీ, గుంపుల్లోకీ హోటళ్లకూ పోవద్దనీ ఆమె మూడుసార్లు చెప్పింది. నేను నా పాత కోణంలో తల ఊపాను. మిషన్లు తప్పవని తెలిసినప్పటి నుంచే క్షవరం మానేశాను కాబట్టి, పెరిగిన జుట్టు వాటిని చక్కగా కప్పేసింది.

మొదటి రెండు రోజులూ ఇంట్లో యుద్ధమే. పేపరు తిప్పితే రేకుల కప్పు మీద వాన. నా గొంతు నాకే నీళ్ల డ్రమ్ములోంచి వస్తున్నట్టు ఉంది. సుగుణ వంట చేస్తూ తనలో తాను మాట్లాడుకుంటుందనీ, ఆ మాటల్లో కథానాయకుణ్ని నేనేననీ కూడా అప్పుడే తెలిసింది.

మూడోరోజు పొద్దున ఖాజాభాయ్ వచ్చాడు. బస్టాండు వెనక చాయ్ హోటల్ అతనిది. మా పంచాయితీలన్నీ అక్కడే.

"సారూ, సాయిలుది, గంగారాందీ పెద్ద పరేషాన్ అయితుంది. జర రావాలె."

సాయిలు అన్న, గంగారాం తమ్ముడు. ఇద్దరి పొలాలకూ ఒక్కటే బోరు. నీళ్ల వంతు దగ్గర మాటా మాటా పెరిగి, మోటరు స్టార్టర్ డబ్బాకు అన్న తాళం వేశాడు. తమ్ముడు అది చూసి, పగలగొట్టకుండా, దాని పక్కనే తనదొకటి వేశాడు. ఇప్పుడు అన్న తీస్తే తమ్ముడిది ఉంటుంది, తమ్ముడు తీస్తే అన్నది ఉంటుంది. ముందు తీసినవాడు ఓడినట్టు. వరి పొట్ట మీద ఉంది. నాలుగు రోజులుగా చుక్క నీరు లేదు. ఇంకో రెండు రోజులు ఇట్లాగే ఉంటే గింజంతా తాలైపోతుంది.

"హోటల్ల కూసోవద్దన్నది గద డాక్టరమ్మ," అంది సుగుణ.

"ఏమీ వినకుండానే ఇంత పేరొచ్చింది. ఇగ విని తీర్పు చెప్తే ఎట్లుంటదో చూడు."

"గదే నా భయం."

హోటల్లో గ్లాసులు కత్తుల్లా మోగుతున్నాయి. పొయ్యి విమానంలా రొద పెడుతోంది. అన్నదమ్ములు నాకు చెరో పక్క కూర్చున్నారు.

"నా వంతు సోమవారం నుంచి సారూ," మొదలుపెట్టాడు సాయిలు. "వీడు ఆదివారమే మోటరు ఏసిండు."

"ఆగు. ఇందాక లోపలికొస్తూ శనివారం అన్నావు."

సాయిలు నన్ను, కూర్చున్న బల్ల మాట్లాడినట్టు చూశాడు.

"గీనకేమెర్క వరి సంగతి," అని అటు తిరిగి గొణిగాడు గంగారాం.

"వరి సంగతి తెలియకపోయినా వారాల సంగతి తెలుసు," అన్నాను.

గంగారాం తన పెదవులను తడుముకున్నాడు. నోరు నిజంగానే కదిలిందా అని కాబోలు.

వేడి తగ్గించడానికి ఖాజాభాయ్ తమ్ముణ్ని బీడీ తాగి రమ్మని బయటికి పంపాడు. సాయిలు నా పక్కనే కూర్చుని, పాత అలవాటు కొద్దీ నా మీదుగా వంగి, ఖాజాభాయ్‌తో మెల్లగా అన్నాడు:

"ఎంతైన తమ్ముడు గద భాయ్. గా వరిని సూస్తే అన్నం దిగుతలేదు. నా తాళం తీస్త. మొదటి వంతు గూడ వానికే ఇస్త. కని నేను తగ్గిన్నని వానికి తెల్వద్దు. పెద్దమనుషులు జెప్తే తీసినట్టుండాలె."

"బేఫికర్ ఉండు," అన్నాడు ఖాజాభాయ్.

రాజీ అయిపోయింది, చూడండి. నేను ఇంకో రెండు నిమిషాలు నోరు మూసుకుంటే చాలు. ఆ నోరు నాలుగేళ్లుగా మూసుకునే ఉంది కూడా. కానీ పరీక్షలో జవాబు తెలిసిన పిల్లవాడు చెయ్యి ఎత్తకుండా ఉండగలడా? గంగారాం వచ్చి కూర్చోగానే లేచి నిలబడ్డాను.

"గంగారాం, నీ అదృష్టం. మీ అన్న తగ్గాడు. తాళం తీస్తానన్నాడు, మొదటి వంతు కూడా నీకేనన్నాడు. నా చెవులతో నేను విన్నాను."

సాయిలు మొహం ఎర్రబడి, ఆ తర్వాత నల్లబడింది.

"నీకెట్ల ఇనవడ్డది?"

నేను జుట్టు పైకెత్తి రెండు చెవులూ చూపించాను. కొంచెం గర్వంగానే చూపించాను.

"తాళం తియ్యనంటె తియ్య," అన్నాడు సాయిలు. "తుప్పువట్టనీ. వరి మొత్తం ఎండనీ." విసురుగా బయటికి నడిచాడు.

తమ్ముడు నాకు దండం పెడతాడేమో అనుకుని అతని వైపు తిరిగాను. గంగారాం లేచి నిలబడ్డాడు.

"మా అన్నను నలుగుర్ల చిన్నగ జేస్తవా సారూ? ఆయన భాయ్‌కి జెప్పుకున్న మాట నీకెందుకు?"

"నీ మేలు కోసమే కదయ్యా..."

"నా మేలు మా అన్న సూస్తడు." ఆ మాటంటూనే బయటికి పరుగెత్తాడు. "అన్నా, ఆగు. ఎండల నడువకు. బండి మీద పోదాం."

ఇద్దరూ ఒకే బండి మీద, నన్ను తిడుతూ వెళ్లిపోయారు. తిట్టడంలో మాత్రం వంతుల తగాదా రాలేదు. సాయంత్రానికల్లా మోటరు నడిచింది. ఏ తాళం ముందు తీశారో ఈ రోజుకూ ఎవరికీ తెలియదు.

మర్నాడు ఖాజాభాయ్‌ని అడిగాను, "నాకు వినబడదని సాయిలుకెట్లా తెలుసు?"

అతను చాయ్ గ్లాసు నా ముందు పెట్టాడు. చప్పుడు కాకుండా పెట్టాడు, అది గమనించాను.

"మీకు ఇనవడదని బాన్సువాడ మొత్తానికి ఎర్కే సారూ. అందుకే గద మిమ్ముల నడుమ కూసోవెట్టేది. కడుపుల ఉన్నదంత మీ ముంగట కక్కుకుంటరు. బయటికి పోదు."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు మీ మిషన్ల ముచ్చట పిట్లం దాక పొయ్యింది. వేరే పెద్దమనిషిని దేవులాడుతుండ్రు."

కాబట్టి సకల జనులకూ ఇందుమూలంగా ప్రమాణం చేసి చెప్పేదేమనగా: నాతో అన్న మాట రెండు చెవులా వింటాను. నా పక్కవాడితో అన్న మాట ఎంత స్పష్టంగా వినబడినా, ప్రాణం పోయినా, విన్నానని ఒప్పుకోను. పదవి పోయాక చేసిన ప్రమాణం కావడం వల్ల ఇంతవరకూ ఒక్కసారి కూడా తప్పలేదు.